ఉప్పుడు బియ్యం మిల్లు డ్రయ్యర్‌కు అందని గాలి: ఒక సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ కేస్ స్టడీ

తెలంగాణలో యాసంగి వడ్లను పచ్చిబియ్యంగా ఆడిస్తే ఎండల తీవ్రతకు గింజ విరిగి నూక ఎక్కువగా వస్తుంది. అందుకే మిర్యాలగూడ చుట్టుపక్కల మిల్లులు ఆ పంటలో చాలా భాగాన్ని నానబెట్టి, ఆవిరితో ఉడికించి, ఆరబెట్టి ఉప్పుడు బియ్యంగా మారుస్తాయి. ఈ క్రమంలో మిల్లు వేగాన్ని నిర్ణయించేది ఆరబెట్టే దశ. ఇక్కడ వివరించే మిల్లులో 24 టన్నుల ఎల్‌ఎస్‌యూ రకం (లూసియానా స్టేట్ యూనివర్సిటీ పేరుతో పిలిచే, ధాన్యం కిందికి జారుతూ వేడి గాలికి ఆరే) డ్రయ్యర్ ఉంది. ఒక బ్యాచ్ ఆరడానికి మొదట్లో దాదాపు పది గంటలు పట్టేదని, ఇప్పుడు పదమూడున్నర గంటలకు చేరిందని, పైగా నూక శాతం కూడా పెరిగిందని యాజమాన్యం ఫిర్యాదు చేసింది. ఫ్యాన్‌ను పరీక్షించడానికి మమ్మల్ని పిలిచేనాటికే వారు ఒక పరిష్కారం ప్రయత్నించి చూశారు. ఫ్యాన్‌కు ఉన్న 22 కిలోవాట్ల మోటారును తీసివేసి 30 కిలోవాట్ల మోటారును బిగించారు. దానివల్ల గాలిలో ఏ మార్పూ రాలేదు. అదే ఫ్యాన్‌ను ఇంకా వేగంగా తిప్పడానికి పుల్లీలు మార్చాలన్న రెండో ప్రతిపాదన అప్పటికి చర్చలో ఉంది.

పరిశీలన మొదలుపెట్టే ముందు ఈ డ్రయ్యర్‌కు గాలి ఎంత అవసరమో లెక్కించడం అవసరమైంది. ఉడికించిన ధాన్యంలో తేమ దాదాపు 30 శాతం ఉంటుంది, దాన్ని 14 శాతానికి దించాలి. 24 టన్నుల తడి ధాన్యంలో పొడి పదార్థం 16.8 టన్నులు కాబట్టి, ఆరిన తరువాత మిగిలే బరువు సుమారు 19.5 టన్నులు. అంటే ఒక్కో బ్యాచ్ నుంచి దాదాపు నాలుగున్నర టన్నుల నీటిని గాలి మోసుకుపోవాలి. పది గంటల్లో ఆ పని జరగాలంటే గంటకు 450 కిలోల వరకు నీరు బయటికి వెళ్లాలి. ఫ్యాన్ నేమ్‌ప్లేట్ మీద ఉన్న సామర్థ్యం గంటకు 36,000 ఘనమీటర్లు, అంటే సెకనుకు 10 ఘనమీటర్లు. 80 డిగ్రీల వద్ద గాలి సాంద్రత ఘనమీటరుకు ఇంచుమించు ఒక కిలో ఉంటుంది కనుక అది గంటకు 36,000 కిలోల గాలి. ఒక్కో కిలో గాలి పన్నెండు గ్రాముల నీటిని మోసుకుపోతే సరిపోతుంది, అది సాధ్యమైన సంగతే. కాబట్టి ఫ్యాన్ ఎంపికలో పొరపాటు లేదు. ఫ్యాన్ తాను ఇవ్వవలసిన గాలిని ఇప్పుడు ఇస్తున్నదా లేదా అన్నదే ప్రశ్న.

ఇక్కడి అమరికలో బయటి గాలి ముందుగా ఆవిరి రేడియేటర్ గుండా వచ్చి వేడెక్కి, ఆ తరువాత ఫ్యాన్‌లోకి ప్రవేశించి, అక్కడి నుంచి డక్ట్ ద్వారా డ్రయ్యర్‌కు చేరుతుంది. అంటే ఫ్యాన్ పీల్చేది వేడి గాలి. నేమ్‌ప్లేట్ మీద 80 డిగ్రీల వద్ద 127 మిల్లీమీటర్ల నీటి మట్టం స్థిర పీడనం (గాలి డక్ట్ గోడల మీద చూపే ఒత్తిడి, దాన్ని నీటి స్తంభం ఎత్తుతో కొలుస్తారు) అని స్పష్టంగా రాసి ఉండడం మా అదృష్టం, ఎందుకంటే చాలా నేమ్‌ప్లేట్ల మీద ఉష్ణోగ్రత ఉండదు. ఉష్ణోగ్రత లేని పీడనం అంకెకు అర్థం సగమే. ఒకే వేగంతో తిరిగే ఫ్యాన్ చల్లని గాలినైనా వేడి గాలినైనా ఒకే ఘనపరిమాణంలో తోస్తుంది. పీడనం, శక్తి వినియోగం మాత్రం సాంద్రతతోపాటే పెరుగుతాయి, తగ్గుతాయి. 20 డిగ్రీల ప్రామాణిక గాలితో 153 మిల్లీమీటర్లు ఇచ్చే ఈ ఫ్యానే 80 డిగ్రీల వద్ద 127 మాత్రమే ఇస్తుంది. ఉదయం ఆవిరి ఇంకా రాకముందు నడిపితే మాత్రం మోటారు మీద భారం వేడి గాలితో నడిచేటప్పటి కన్నా ఆరవ వంతు వరకు ఎక్కువగా ఉంటుంది. 22 కిలోవాట్ల మోటారును తయారీదారు ఎంచుకున్నది ఆ చల్లని ప్రారంభాన్ని దృష్టిలో పెట్టుకునే.

ఫ్యాన్ లోపల జరిగేది

ఈ కేసులోని ప్రధాన లోపం ఫ్యాన్ పీల్చే వైపున దొరికింది. దాన్ని అర్థం చేసుకోవడానికి సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ పీడనాన్ని ఎలా పుట్టిస్తుందో కొంత వివరంగా చెప్పుకోవాలి. గాలి ఇంపెల్లర్ (బ్లేడ్లు బిగించిన తిరిగే చక్రం) మధ్యనున్న కంటిలోకి, అంటే గుండ్రని ద్వారంలోకి, ఇరుసు దిశలో ప్రవేశించి, అక్కడ తొంభై డిగ్రీలు తిరిగి, బ్లేడ్ల మధ్య నుంచి అంచు వైపు ప్రయాణిస్తుంది. ఈ ప్రయాణంలో బ్లేడ్లు దానికి గుండ్రంగా తిరిగే వేగాన్ని అందిస్తాయి. ఇంపెల్లర్ దాటిన తరువాత క్రమంగా వెడల్పయ్యే కేసింగ్‌లో ఆ వేగంలో కొంత భాగం స్థిర పీడనంగా మారుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో లియొన్‌హార్డ్ ఆయిలర్ రూపొందించిన సమీకరణం ఈ మొత్తం వ్యవహారాన్ని రెండు పదాల తేడాగా చెబుతుంది. అంచు వద్ద బ్లేడు వేగాన్ని, అక్కడ గాలికి ఉన్న భ్రమణ వేగంతో గుణించాలి. అందులోనుంచి కంటి వద్ద బ్లేడు వేగాన్ని, అక్కడికి వచ్చే గాలికి ముందే ఉన్న భ్రమణ వేగంతో గుణించి తీసివేయాలి. మిగిలిన విలువను సాంద్రతతో గుణిస్తే, నష్టాలు లెక్కించక ముందు ఫ్యాన్ ఇవ్వగల పీడనం వస్తుంది.

గాలి కంటిలోకి తిన్నగా, ఏ సుడీ లేకుండా వస్తే ఆ రెండో పదం సున్నా అవుతుంది. ఎంత గాలి వద్ద ఎంత పీడనం వస్తుందో చూపుతూ తయారీదారులు ఇచ్చే కర్వ్‌లన్నీ ఈ షరతు మీదే ఆధారపడి ఉంటాయి. పరీక్షా కేంద్రంలో ఫ్యాన్ ముందు ఏ అడ్డంకీ లేని ఖాళీ స్థలం ఉంటుంది, లేదా గాలిని తిన్నగా చేసే పొడవైన డక్ట్ ఉంటుంది. మిల్లు షెడ్డులో అలాంటి సౌకర్యం అరుదు. ఫ్యాన్ నోటికి ఆనించి ఒక వంపు బిగిస్తే, గాలి ఒక పక్కకు ఒరిగి, సుడి తిరుగుతూ కంటిలోకి వస్తుంది. ఆ సుడి ఇంపెల్లర్ తిరిగే దిశలోనే ఉంటే రెండో పదం పెరిగి పీడనం పడిపోతుంది. ఎదురు దిశలో ఉంటే పీడనం కాగితం మీద కొంచెం పెరిగినా, శక్తి వినియోగం పెరుగుతుంది, బ్లేడ్ల మొదట్లో ప్రవాహం విడిపోయి శబ్దం, కంపనం మొదలవుతాయి. రెండు సందర్భాల్లోనూ కర్వ్ మీది అంకె స్థలంలో దొరకదు. ఫ్యాన్ల పరిశ్రమ దీన్ని సిస్టమ్ ఎఫెక్ట్ అని పిలుస్తుంది, ఫ్యాన్ల తయారీదారుల అంతర్జాతీయ సంఘమైన ఆమ్కా 201వ ప్రచురణలో దీనికి విడిగా లెక్కలు ఉన్నాయి. ఫ్యాన్ కొనేటప్పుడు ఎవరూ వాటిని అడగరు, అమ్మేవారూ చెప్పరు.

ఇక బ్లేడు ఆకారం సంగతి. తిరిగే దిశలోకి ముందుకు వంగిన బ్లేడ్లున్న ఫ్యాన్ తక్కువ వేగంతోనే ఎక్కువ పీడనం ఇస్తుంది. కానీ గాలి పెరిగేకొద్దీ దాని శక్తి వినియోగం ఆగకుండా పెరుగుతూ మోటారును ఓవర్‌లోడ్ చేయగలదు, దుమ్ము కూడా బ్లేడ్ల గుంతల్లో పేరుకుంటుంది. నిటారు బ్లేడ్లు ఊకను తోసే ఫ్యాన్లకు తగినవి. వాటి సామర్థ్యం తక్కువైనా అరుగుదలను తట్టుకుంటాయి. ఈ డ్రయ్యర్ ఫ్యాన్ బ్లేడ్లు వెనక్కి వంగినవి. మూడింటిలో ఉత్తమ సామర్థ్యం వీటిదే, పైగా గాలి పెరుగుతున్నప్పుడు శక్తి వినియోగం ఒక గరిష్ఠ స్థాయికి చేరి, ఆ తరువాత తగ్గుతుంది. ఆ గరిష్ఠ స్థాయికి తగిన మోటారును పెడితే ఏ పరిస్థితిలోనూ ఓవర్‌లోడ్ కాదు. ఈ లక్షణానికి మరో పర్యవసానం ఉంది, ఈ కేసులో అదే మొదటి ఆధారంగా పనికొచ్చింది. వెనక్కి వంగిన బ్లేడ్లున్న ఫ్యాన్ పని చేసే ప్రాంతంలో గాలి తగ్గితే మోటారు తీసుకునే విద్యుత్తు కూడా తగ్గుతుంది.

నేమ్‌ప్లేట్‌ను ఎంతవరకు నమ్మవచ్చో తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క ఉంది. ఇంపెల్లర్ వ్యాసం 1,150 మిల్లీమీటర్లు, వేగం నిమిషానికి 828 చుట్లు, అంటే బ్లేడు కొస వేగం సెకనుకు దాదాపు 50 మీటర్లు. ఆ వేగంతో కదిలే 80 డిగ్రీల గాలికి ఉండే వేగ పీడనం (కదలిక వల్ల కలిగే పీడనం) సుమారు 127 మిల్లీమీటర్లు. వెనక్కి వంగిన బ్లేడ్లున్న ఫ్యాన్ తన ఉత్తమ స్థానంలో ఇంచుమించు అంతే పీడనం ఇస్తుందని అనుభవం చెబుతుంది. నేమ్‌ప్లేట్ మీది అంకె కూడా అదే కాబట్టి అది అతిశయోక్తి కాదని తేలింది. ఈ లెక్కకు రెండు నిమిషాలు కూడా పట్టదు, కొస వేగంతో పొసగని పీడనాన్ని హామీ ఇచ్చే కొటేషన్లను దీనితోనే పక్కన పెట్టవచ్చు.

తప్పుదారి పట్టించిన రెండు మీటర్లు

మిల్లులో అందరూ చూస్తున్నది రెండు మీటర్లను. మొదటిది మోటారు ఆంపియర్ మీటర్. 53 ఆంపియర్ల పూర్తి భారం గల 30 కిలోవాట్ల మోటారు 32 ఆంపియర్లే తీసుకుంటోంది. "మోటారు తేలిగ్గా నడుస్తోంది సార్, ఫ్యాన్‌కు ఏ ఇబ్బందీ లేదు" అని ఎలక్ట్రీషియన్ చెప్పారు. వాస్తవానికి ఆ తేలికదనమే ఇబ్బందికి గుర్తు. డ్రయ్యర్‌కు గాలి పూర్తిగా వెళ్తూ ఉంటే మీటర్ అంతకన్నా ఎక్కువ చూపించాలి. పెద్ద మోటారు వల్ల మార్పు ఎందుకు రాలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. పాత మోటారు, కొత్త మోటారు రెండూ నాలుగు పోళ్లవే, రెండూ నిమిషానికి దాదాపు 1,470 చుట్లు తిరుగుతాయి. 200, 355 మిల్లీమీటర్ల పుల్లీలను అలాగే ఉంచారు కాబట్టి ఫ్యాన్ వేగం 828 దగ్గరే ఉండిపోయింది. ఎంత శక్తి తీసుకోవాలో నిర్ణయించేది ఫ్యాన్, మోటారు దాన్ని సమకూరుస్తుంది అంతే. పాత మోటారుకు అప్పటికే మిగులు ఉన్నప్పుడు మరింత మిగులు తెచ్చిపెట్టడం వల్ల గాలికి ఒరిగేదేమీ లేదు.

రెండోది డ్రయ్యర్ ముందున్న ఉష్ణోగ్రత మీటర్. అది 80కి బదులు 84 డిగ్రీలు చూపుతోంది. వేడి ముందుకన్నా ఎక్కువే ఉంది కాబట్టి గాలి బాగానే వస్తోందని ఆపరేటర్లు భావించారు. రేడియేటర్ గుండా వెళ్లే గాలి తగ్గినప్పుడు అది ఆవిరి గొట్టాల మధ్య ఎక్కువసేపు ఉంటుంది. అందువల్ల ఒక్కో కిలో గాలి ఎక్కువ వేడెక్కుతుంది, మొత్తంగా డ్రయ్యర్‌కు చేరే వేడి మాత్రం తగ్గుతుంది. తరువాత మేము కొలిచిన గాలితో లెక్కిస్తే, 500 కిలోవాట్ల వేడి వెళ్లవలసిన చోట 390 కిలోవాట్ల లోపే వెళ్తోందని తేలింది. ఆరే సమయం పెరగడానికి ఇది చాలావరకు సమాధానం చెబుతుంది. తక్కువ గాలి, ఎక్కువ వేడి కలిసి గింజ పైపొరను లోపలి భాగం కన్నా త్వరగా ఆరబెట్టి బీటలు తెప్పిస్తాయి కాబట్టి, నూక పెరగడానికీ ఇదే కారణమై ఉండడానికి అవకాశం ఎక్కువ.

కొలతలు

మోటారు మార్చిన ఫ్యాన్‌ను కొలిచే ముందు తప్పనిసరిగా చూడవలసింది అది తిరిగే దిశ. ఫేజులు తారుమారైతే ఇంపెల్లర్ వెనక్కి తిరుగుతుంది. కానీ సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ వెనక్కి తిరిగినా గాలి బయటికే వస్తుంది, పరిమాణం మాత్రం బాగా తగ్గుతుంది. అందుకే ఈ లోపం నెలల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండగలదు. ఇక్కడ దిశ సరిగానే ఉంది. బెల్టులు జారడం లేదని చుట్లు కొలిచే టాకోమీటర్ చెప్పింది.

ఫ్యాన్ నుంచి డ్రయ్యర్‌కు వెళ్లే 900 మిల్లీమీటర్ల చదరపు డక్ట్‌లో దాదాపు ఆరు మీటర్ల తిన్నని భాగం ఉంది. ఫ్యాన్ నుంచి నాలుగు మీటర్ల దూరంలో రంధ్రాలు చేసి, డక్ట్ అడ్డుకోతను 25 సమాన గడులుగా విభజించి, ప్రతి గడి మధ్యలో పిటాట్ ట్యూబ్‌తో (గాలికి ఎదురుగా పెట్టి కొలిచే గొట్టంతో) వేగ పీడనం కొలిచాము. దుమ్ము ఉన్న గాలిలో సాధారణ పిటాట్ సన్నని రంధ్రాలు త్వరగా పూడిపోతాయి కాబట్టి పెద్ద రంధ్రాలుండే ఎస్ రకాన్ని వాడి, దాని గుణకంతో సవరించాము. సగటు తీసేటప్పుడు పీడనాల సగటు తీయకూడదు. ప్రతి రీడింగును ముందుగా వేగంగా మార్చి, ఆ తరువాతే సగటు తీయాలి, లేకపోతే గాలి ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. సగటు వేగం సెకనుకు 9 మీటర్లు వచ్చింది. దాని ప్రకారం గాలి సెకనుకు 7.3 ఘనమీటర్లు, అంటే గంటకు సుమారు 26,300. రావలసిన దానిలో ఇది 73 శాతం.

అదే సమయంలో ఫ్యాన్‌కు ముందు, వెనుక స్థిర పీడనాలు తీసుకున్నాము. పీల్చే వైపు డక్ట్‌లో 63 మిల్లీమీటర్ల శూన్యత ఉంది, తోసే వైపు 54 మిల్లీమీటర్ల పీడనం ఉంది. ఈ రెండూ కలిపితే 117. ఈ అంకెలను విడదీసి చదివితేనే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. డిజైన్ ప్రకారం 10 ఘనమీటర్ల వద్ద జాలీ, రేడియేటర్ కలిసి 36, డక్ట్ 30, ధాన్యంతో నిండిన డ్రయ్యర్ 61 మిల్లీమీటర్లు తీసుకోవాలి. డక్ట్‌లలోనూ రేడియేటర్‌లోనూ పీడన నష్టం గాలి పరిమాణం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. ధాన్యపు పొరలో అంత నిటారుగా పెరగదు, ఘాతాన్ని ఒకటిన్నరగా తీసుకుంటే పని జరుగుతుంది. ఆ ప్రకారం 7.3 ఘనమీటర్ల వద్ద డక్ట్, డ్రయ్యర్ కలిపి 54 మిల్లీమీటర్లు రావాలి, సరిగ్గా అంతే వచ్చింది. అంటే తోసే వైపు దారి శుభ్రంగా ఉంది. పీల్చే వైపు 19 ఉండవలసిన చోట 63 ఉంది. రేడియేటర్ పూడుకుపోయిందని ఇది నిర్ద్వంద్వంగా చెబుతోంది.

అయితే కథ రేడియేటర్‌తో ముగియలేదు. రేడియేటర్ ఒక్కటే పూడుకుపోయి ఫ్యాన్ ఆరోగ్యంగా ఉంటే, పని చేసే బిందువు ఫ్యాన్ కర్వ్ మీదే ఎడమకు జరగాలి. గాలి తగ్గినకొద్దీ పీడనం పెరగాలి. తయారీదారు కర్వ్ ప్రకారం 7.3 ఘనమీటర్ల వద్ద ఈ ఫ్యాన్ 147 మిల్లీమీటర్లు ఇవ్వాలి, ఇస్తున్నది 117. పూడుకుపోయిన రేడియేటర్‌తోనే, సరైన ఫ్యాన్ ఉంటే, గాలి 8.1 ఘనమీటర్ల దగ్గర నిలబడి ఉండేదని లెక్క తేల్చింది. అక్కడి నుంచి 7.3కి దించినది ఫ్యాన్‌లోని లోపమో, ఫ్యాన్ నోటి దగ్గరి లోపమో అయి ఉండాలి. రేడియేటర్ పూడుకుపోయిందని తెలియగానే కొలతలు ఆపేసి శుభ్రం చేయించి ఉంటే, కొంత మెరుగుదల కనిపించేది, మిగిలిన లోటును వయసు మీద నెట్టేసి ఊరుకునేవారు.

ఇన్‌లెట్ వద్ద దొరికినవి

షెడ్డును పొడిగించినప్పుడు రేడియేటర్‌ను ఫ్యాన్ ఎదురు నుంచి పక్కకు జరిపారు. రెండింటినీ కలిపే రేకు డక్ట్ తొంభై డిగ్రీల వంపుతో నేరుగా ఫ్యాన్ ఇన్‌లెట్‌కు అతుక్కుంది. మధ్యలో తిన్నని భాగం అసలు లేదు, పైగా డక్ట్ మధ్యరేఖ కూడా ఇరుసు మధ్యరేఖతో కలవడం లేదు. గాలి ఒక పక్క నుంచి ఒరుసుకుంటూ ప్రవేశిస్తోంది. ఫ్యాన్ ఆపి, వంపు డక్ట్ లోపల కంటి చుట్టూ చిన్న నూలు పోగులు అతికించి, తలుపు స్థానంలో పారదర్శకమైన పలక బిగించి మళ్లీ నడిపితే, పోగులన్నీ ఇంపెల్లర్ తిరిగే దిశకే ఏటవాలుగా వాలాయి. సుడి ఉందని, అది నష్టం చేసే దిశలోనే ఉందని దీనితో నిర్ధారణ అయింది. కంటి వ్యాసం 800 మిల్లీమీటర్లు కాబట్టి అక్కడ ఇంపెల్లర్ వేగం సెకనుకు దాదాపు 35 మీటర్లు. గాలికి సెకనుకు 5 మీటర్ల సుడి మాత్రమే ఉందనుకున్నా ఆయిలర్ లెక్క ప్రకారం 17 మిల్లీమీటర్ల పీడనం అక్కడే పోతుంది. లోటు 30 మిల్లీమీటర్లలో సగానికి పైగా ఇదేనని మా అంచనా.

మిగిలినదానికి సమాధానం ఇన్‌లెట్ కోన్ దగ్గర ఉంది. కేసింగ్‌కు బిగించి ఉండే ఈ గరాటు కొస, తిరిగే ఇంపెల్లర్ కంటిలోకి కొద్దిగా చొచ్చుకుని ఉండాలి. రెండింటి మధ్య సందు ఇంపెల్లర్ వ్యాసంలో అర శాతం, అంటే ఇక్కడ ఆరు మిల్లీమీటర్ల లోపు ఉండాలి. ఈ ఫ్యాన్‌లో ఆ సందు ఒక పక్క 4, ఎదురు పక్క 22 మిల్లీమీటర్లు ఉంది. కోన్ కొస ఇంపెల్లర్ లోపలికి అసలు చొచ్చుకుని లేదు. బేరింగులు మార్చినప్పుడు ప్లమ్మర్ బ్లాకుల (బేరింగులను పట్టి ఉంచే దిమ్మెల) కింద ఎత్తు సరిచేయడానికి వేసిన పలుచని షిమ్ములు తిరిగి అదే మందంలో వేయకపోవడం, షాఫ్ట్ వెనక్కి జరగడం దీనికి కారణాలు. కేసింగ్‌లో పీడనం పొందిన గాలి ఆ సందు గుండా తిరిగి కంటిలోకి వచ్చి, మళ్లీ బయటికి తోయబడుతుంది. మోటారు ఆ గాలికి శక్తిని ఖర్చు చేస్తూనే ఉంటుంది, డ్రయ్యర్‌కు మాత్రం అది చేరదు. అంతేకాక, సరైన సందులోంచి వచ్చే సన్నని ధార కంటి అంచు దగ్గర గాలిని ఇంపెల్లర్ ముందు పలకకు అంటుకుని తిరిగేలా సాయపడుతుంది. సందు వికృతంగా ఉంటే ఆ సాయమూ పోయి, బ్లేడ్ల ముందు భాగంలో ప్రవాహం విడిపోతుంది. ఇంత చిన్న భాగానికి ఇంత ప్రభావం ఉంటుందని కొలతలు చూపేవరకు మిల్లు ఫిట్టర్ నమ్మలేదు. బ్లేడ్ల కింది వైపు తవుడు, ఆవిరి తేమ కలిసి గట్టిపడిన పొర కూడా ఉంది, కానీ దాని వాటా తక్కువ.

పుల్లీలు మార్చాలన్న ప్రతిపాదన

ఫ్యాన్ వేగం పెంచడం వినడానికి సులువైన పరిష్కారం. పుల్లీ ధర తక్కువ, పని ఒక పూటలో అయిపోతుంది. దాన్ని ఎందుకు వద్దన్నామో అంకెలతో రాసి ఇవ్వవలసి వచ్చింది. ఒకే వ్యవస్థలో గాలి పరిమాణం ఫ్యాన్ వేగానికి అనుపాతంలో, పీడనం ఆ వేగం వర్గానికి అనుపాతంలో, శక్తి ఆ వేగం ఘనానికి అనుపాతంలో పెరుగుతాయి. గాలిని 7.3 నుంచి 10కి తేవాలంటే వేగాన్ని 1.37 రెట్లు, అంటే 828 నుంచి దాదాపు 1,134కు పెంచాలి. ఇప్పుడు షాఫ్ట్ దగ్గర ఖర్చవుతున్న 14.5 కిలోవాట్లు 2.57 రెట్లయి 37 కిలోవాట్లు దాటుతాయి. చల్లని గాలితో మొదలుపెట్టే సమయంలో అది 40 కిలోవాట్లను మించుతుంది. కొత్తగా కొన్న 30 కిలోవాట్ల మోటారు కూడా దానికి చాలదు. అంతకన్నా తీవ్రమైన విషయం, ఇంపెల్లర్ మీద అపకేంద్ర బలం వల్ల కలిగే ఒత్తిడి 1.88 రెట్లవుతుంది. బ్లేడు కొస వేగం సెకనుకు 68 మీటర్లకు చేరుతుంది. 50 మీటర్ల కొస వేగానికి తయారైన వెల్డింగ్ ఇంపెల్లర్‌ను తయారీదారు రాతపూర్వక అనుమతి లేకుండా ఆ వేగంతో తిప్పడం మనుషులు తిరిగే షెడ్డులో చేయదగిన పని కాదు. గాలి కోసం ఇంత మూల్యం చెల్లించినా పూడుకున్న రేడియేటర్ పూడుకునే ఉంటుంది, సుడీ అలాగే ఉంటుంది.

చేసిన మార్పులు, వచ్చిన ఫలితం

రేడియేటర్ రెక్కల మధ్య చేరినది ఎక్కువగా ఊక దుమ్ము. దాని ముందు ఉండవలసిన జాలీ చిరిగిపోతే తీసేసి మళ్లీ పెట్టలేదు, దానికి తోడు ధాన్యం శుభ్రం చేసే యంత్రానికి ఉన్న సైక్లోన్ (గాలిని సుడి తిప్పి దుమ్ము వేరుచేసే పరికరం) వదిలే గాలి సరిగ్గా ఆ మూలకే వస్తోంది. రేడియేటర్‌ను గాలి పోయే దిశకు ఎదురుగా కంప్రెసర్ గాలితో, ఆ తరువాత నీటితో కడిగించాము. సైక్లోన్ గొట్టాన్ని కప్పు పైకి మళ్లించారు. జాలీని రేడియేటర్ ముఖం కన్నా రెట్టింపు విస్తీర్ణంలో, మడతలుగా అమర్చారు, అలా చేస్తే దాని సొంత నిరోధం రెండు మిల్లీమీటర్లను మించదు.

రేడియేటర్‌ను పాత చోటికి జరపడానికి స్థలం లేదు. అందుకని వంపు డక్ట్‌ను తీసివేసి వెడల్పైన ఇన్‌లెట్ పెట్టె కట్టించి, దాని మధ్యరేఖను ఇరుసు మధ్యరేఖతో కలిపి, మలుపులో గాలిని తిప్పే వంపు పలకలు, కంటి కింద సుడిని విరిచే నిలువు పలక బిగించారు. ఖర్చు రేకు, వెల్డింగ్ మాత్రమే. ప్లమ్మర్ బ్లాకుల షిమ్ములు సరిచేసి, షాఫ్ట్‌ను ముందుకు జరిపి, సందును చుట్టూ 5 నుంచి 6 మిల్లీమీటర్లకు తెచ్చి, కోన్ కొస 11 మిల్లీమీటర్లు లోపలికి చొచ్చుకునేలా అమర్చారు. ఇంపెల్లర్‌ను గీకి శుభ్రం చేసిన తరువాత జీ 6.3 అనే బ్యాలెన్స్ నాణ్యతా గ్రేడుకు బ్యాలెన్స్ చేయించాము. పొర ఊడిపోయిన చోట, మిగిలిన చోట బరువు తేడా వస్తుంది కాబట్టి ఈ పనిని వదిలేయడానికి వీల్లేదు.

అదే డక్ట్‌లో, అవే గడుల్లో మళ్లీ కొలిస్తే గాలి సెకనుకు 9.7 ఘనమీటర్లు వచ్చింది. పీల్చే వైపు 38, తోసే వైపు 86, మొత్తం 124 మిల్లీమీటర్లు. కర్వ్‌తో పోలిస్తే ఇంకా ఐదు మిల్లీమీటర్ల లోటు ఉంది. ఎంత బాగా కట్టినా ఇన్‌లెట్ పెట్టె ఖాళీ స్థలానికి సమానం కాదు కాబట్టి దాన్ని అంగీకరించాము. ఫ్యాన్ స్థిర సామర్థ్యం (షాఫ్ట్ శక్తిలో స్థిర పీడనంతో గాలిని తోయడానికి ఉపయోగపడే భాగం) 58 శాతం నుంచి 72 శాతానికి పెరిగింది. వేడి గాలి ఉష్ణోగ్రత 80 డిగ్రీలకు దిగింది, బ్యాచ్ సమయం పదిన్నర గంటలకు వచ్చింది. మోటారు తీసుకునే విద్యుత్తు మాత్రం 16.6 కిలోవాట్ల నుంచి 18.8కి పెరిగింది. యజమానికి మొదట ఇది నచ్చలేదు. ఒక్కో బ్యాచ్‌కు లెక్కవేస్తే 224 యూనిట్ల స్థానంలో 197 యూనిట్లు అవుతున్నాయని, బాయిలర్ మూడు గంటలు తక్కువ మండుతోందని చూపిన తరువాత ఆ అభ్యంతరం తొలగింది.

పాత 22 కిలోవాట్ల మోటారు బాగానే ఉంది కాబట్టి దాన్నే తిరిగి బిగించాము. చల్లని గాలితో కూడా దాని మీద పడే భారం 20 కిలోవాట్లకు మించదు. వెనక్కి వంగిన బ్లేడ్లున్న ఫ్యాన్ గాలి లేనప్పుడు తక్కువ శక్తి తీసుకుంటుంది గనుక, డ్యాంపర్ (గాలిని ఆపే తలుపు) మూసి ప్రారంభించి పూర్తి వేగం అందుకున్న తరువాత తెరవాలని ఆపరేటర్లకు చెప్పాము. ఈ మోటారు మీద ఇప్పుడు ఆంపియర్ మీటర్ చూపేది మళ్లీ 32 ఆంపియర్లే. పెద్ద మోటారు తక్కువ పవర్ ఫ్యాక్టర్‌తో (కరెంటులో నిజంగా పనికొచ్చే వాటా తక్కువగా) తీసుకున్న 32 వేరు, సరైన భారం మీద చిన్న మోటారు తీసుకునే 32 వేరు. ఈ కారణంగా ప్యానెల్‌లో కిలోవాట్ మీటర్ కూడా పెట్టించాము.

రేడియేటర్ తరువాత, ఫ్యాన్‌కు ముందు, పీడనం కొలిచే ఒక యూ ట్యూబ్ మానోమీటర్ గోడకు బిగించి ఉంది. 38 దగ్గర పచ్చ గీత, 50 దగ్గర ఎర్ర గీత గీశారు. ప్రతి బ్యాచ్ మొదట్లో ధాన్యం నిండిన తరువాత ఆ అంకెను లాగ్ పుస్తకంలో రాస్తున్నారు. ఎర్ర గీత దాటితే జాలీ, రేడియేటర్ కడగాలి. అంకె ఎర్ర గీతకు చేరకుండానే బ్యాచ్ సమయం పెరిగితే పూడిక మీద అనుమానం పెట్టుకోకుండా కోన్ సందును ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని పట్టీలతో) చూడాలి. బేరింగులు మార్చిన ప్రతిసారీ షిమ్ముల మందం, సందు కొలత నాలుగు వైపులా నమోదు చేసిన తరువాతే ఫ్యాన్‌ను నడపాలని మెయింటెనెన్స్ కార్డులో చేర్చాము.